పాట మానేయమని చెప్పాలా?



ఈ వారం ధ్యానానికి మన సంఘంలోని ఒక ప్రశ్నే కారణం. మన మందిరంలో కీబోర్డు వాయించే ఒక తమ్ముడు మిగతా రోజుల్లో పెళ్లిళ్లకు, బరాత్‌లకు, ఫంక్షన్లకు బ్యాండుతో పోతాడు. శనివారం రాత్రి పరిగిలోనో కొడంగల్‌లోనో సినిమా పాటలు వాయిస్తాడు. ఆదివారం పొద్దున అవే చేతులతో ఆరాధన పాటలు వాయిస్తాడు. "పాస్టర్ గారూ, ఇది ఎట్లా కుదురుతుంది? ఆ పని మానితేనే ఇక్కడ కూర్చోవాలి" అని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ల మాటలో చెడు ఉద్దేశం లేదు. దేవుని మందిరం పవిత్రంగా ఉండాలన్న ఆశే ఉంది. ఇంకోవైపు, ఆ తమ్ముడి చెల్లెలి నర్సింగ్ ఫీజు ఆ బ్యాండు డబ్బుతోనే కడుతున్నారు. కంది పంట చేతికి రాని ఏడాది ఆ ఇంటికి ఆ కీబోర్డే ఆధారం. ఈ నెలాఖరున పెద్దల కూటంలో దీని గురించి మాట్లాడుకోబోతున్నాం.

అంతకన్నా ముందు మీ అందరికీ ఒక పాటగాని సంగతి చెప్పాలనిపించింది. ఆయన ఇంగ్లాండులో రాక్ అండ్ రోల్ పాడిన తొలి తరం వారిలో ఒకరు. పేరు క్లిఫ్ రిచర్డ్. ఆయనకూ సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది.

ముందుగా ఒక మాట. ఆయన పుట్టింది మన దేశంలోనే. 1940 అక్టోబర్ 14న లక్నోలో పుట్టారు. అప్పటి పేరు హ్యారీ వెబ్. వాళ్లది ఆంగ్లో ఇండియన్ కుటుంబం. తండ్రి రైళ్లలో భోజనం సరఫరా చేసే కంపెనీలో పని చేసేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, ఆ కుటుంబం 'రాంచి' అనే ఓడ ఎక్కి ఇంగ్లాండు వెళ్లిపోయింది. ఇక్కడ పనివాళ్లు ఉన్న ఇంట్లో బతికిన వాళ్లు అక్కడ బంధువుల దగ్గర ఒక్క గదిలో సర్దుకున్నారు. బడిలో పిల్లలు ఆ అబ్బాయిని ఇండియా నుండి వచ్చినవాడని ఎగతాళి చేశారు. పుణెకో, ముంబయికో వలస పోయి వచ్చిన మన ఇళ్లవాళ్లకు ఆ బాధ ఎట్లుంటుందో నేను చెప్పనక్కరలేదు.

అబ్బాయికి పదహారేళ్లప్పుడు తండ్రి ఒక గిటారు కొనిచ్చాడు. చదువు అయ్యాక బల్బులు తయారు చేసే కంపెనీలో గుమస్తా పని దొరికింది. పగలు ఫైళ్లు, సాయంత్రం పాటలు. అప్పట్లో అమెరికా నుండి రాక్ అండ్ రోల్ అనే కొత్త సంగీతం వచ్చింది. గిటారు, డ్రమ్ములు గట్టిగా మోగుతుంటే కుర్రవాళ్లు కుర్చీలో కూర్చోలేకపోయేవారు. నల్లజాతివారి పాటల నుండి, వాళ్ల చర్చిల్లోని ఆరాధన నుండి దానికి చాలా బలం వచ్చింది. ఇంగ్లాండులో చాలామంది పెద్దలు దాన్ని చూసి, పిల్లలు పాడైపోతారని భయపడ్డారు. లండన్‌లోని సోహో వీధుల్లో 'టూ ఐస్' అనే చిన్న కాఫీ హోటల్ ఉండేది. దాని నేలమాళిగలో కుర్రవాళ్లు పాడేవారు. హ్యారీ కూడా తన స్నేహితులతో అక్కడ పాడాడు.

1958లో పేరు మార్చుకున్నారు. 'క్లిఫ్ రిచర్డ్' అనే పేరులోని రిచర్డ్ అన్న మాట అమెరికా గాయకుడు లిటిల్ రిచర్డ్ మీద అభిమానంతో పెట్టుకున్నది. ఆ ఏడాది ఆగస్టులో 'మూవ్ ఇట్' అనే పాట రికార్డుగా విడుదలైంది. ఆ పాటను ఆయన బృందంలోని ఇయాన్ శామ్‌వెల్ అనే కుర్రవాడు బస్సులో వస్తూ రాశాడు. మొదట దాన్ని రికార్డుకు వెనుక వైపు వేద్దామనుకున్నారు. అదే ముందుకు వచ్చి ఇంగ్లాండులో రెండో స్థానం వరకు పోయింది. ఇంగ్లాండు గడ్డ మీద పుట్టిన మొదటి అసలైన రాక్ అండ్ రోల్ పాట అదేనని చాలామంది చెప్పుకుంటారు. మరుసటి ఏడాది 'లివింగ్ డాల్' మొదటి స్థానానికి చేరింది. 1961లో 'ది యంగ్ వన్స్', 1963లో 'సమ్మర్ హాలిడే' సినిమాలు వచ్చాయి. ఇరవై మూడేళ్లు నిండకముందే పేరు, డబ్బు, గుంపులు గుంపులుగా అభిమానులు, అన్నీ వచ్చేశాయి.

అయితే 1961లోనే తండ్రి చనిపోయాడు. గిటారు కొనిచ్చిన చేయి లేకుండా పోయింది. అన్నీ ఉన్నా లోపల ఏదో ఖాళీ మొదలైంది. ఆయన బృందంలో బాస్ గిటారు వాయించే బ్రయన్ లాకింగ్ బైబిలు గురించి మాట్లాడేవాడు. అతని వెంట క్లిఫ్ కొంతకాలం యెహోవా సాక్షుల కూటాలకు కూడా వెళ్లారు. తరువాత తాను చదివిన బడిలోని ఒక టీచరు ద్వారా బిల్ లేథమ్ అనే క్రైస్తవ ఉపాధ్యాయుడు పరిచయమయ్యాడు. క్లిఫ్ అతనితో, అతని స్నేహితులతో కూర్చుని ప్రశ్నలు వేశారు, వాదించారు, వాక్యం చదివారు. ఒక్క రాత్రిలో అయిన మార్పు కాదు అది. 1964, 65 ప్రాంతంలో నెమ్మదిగా ప్రభువును తన రక్షకునిగా ఎరిగారు. 1966 జూన్ 16న లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్‌లో బిల్లీ గ్రాహం గారి సువార్త కూటంలో వేలాది మంది ముందు నిలబడి, తాను క్రైస్తవుణ్ణని సాక్ష్యం చెప్పారు.

ప్రియులారా, ఇక్కడే మన ప్రశ్న వస్తుంది. రక్షణ పొందగానే ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ పాటల పని వదిలేయాలి అని. బడిలో టీచరుగా చేరి పిల్లలకు వాక్యం నేర్పితే అదే దేవుని పని అనుకున్నారు. మనలో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. చుట్టూ ఉన్న విశ్వాసులు కొందరు ఆయనను ఆపారు. నీవున్న చోట మేము నిలబడలేము, నీ మాట వినేవాళ్లు మా మాట వినరు, అక్కడే ఉండి దేవునికి ఉపయోగపడు అన్నది వారి సలహా. ఆయన ఉండిపోయారు.

అందరూ అట్లా ఉండిపోలేదు. అదే సోహో కాఫీ హోటల్లో క్లిఫ్ కన్నా ముందే పేరు తెచ్చుకున్న ఇంకో కుర్రవాడు టెర్రీ డీన్. 1957లో ఆయన పాటలు దేశమంతా మోగాయి. 1958లో ఆయన నటించిన సినిమా కూడా వచ్చింది. 1959లో సైన్యంలో చేరాల్సి వచ్చింది. మనసు తట్టుకోలేక ఆరోగ్యం పాడై, రెండు నెలలకే ఇంటికి పంపేశారు. పత్రికలు ఆయనను ఎగతాళి చేశాయి. పాటల జీవితం అక్కడే కూలిపోయింది. 1964లో ప్రభువు దగ్గరికి వచ్చారు. పాత వేదికకు తిరిగి పోకుండా గిటారు పట్టుకుని లండన్ వీధుల్లో సువార్త పాటలు పాడారు. తరువాత స్వీడన్ వెళ్లి కొన్నేళ్లు అదే పరిచర్య చేశారు.

క్లిఫ్ ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ లిటిల్ రిచర్డ్ కథ వేరు. 1957లో పేరు మంచి ఊపు మీద ఉండగానే అన్నీ వదిలేసి బైబిలు కాలేజీలో చేరాడు. 1962లో మళ్లీ రాక్ అండ్ రోల్ వేదిక ఎక్కాడు. 70ల చివరలో మళ్లీ వదిలి ప్రసంగాలు చేశాడు. 80లలో మళ్లీ తిరిగి వచ్చాడు. ఆయన మనసులో ఏం జరిగిందో దేవునికే తెలుసు, తీర్పు చెప్పడానికి మనం ఎవరం? ఒక్కటి మాత్రం కనిపిస్తుంది. పని వదిలినంత మాత్రాన లోపలి పోరాటం ముగిసిపోదు.

ముగ్గురు పాటగాళ్లు, మూడు దారులు. మరి వాక్యం ఏ దారి చూపిస్తుంది?

లూకా సువార్త తెరవండి. 5వ అధ్యాయంలో లేవి అనే సుంకరి ఉన్నాడు. ప్రభువు పిలిచాడు, అతడు సుంకపు మెట్టు వదిలి లేచి వెంటపోయాడు. 19వ అధ్యాయంలో జక్కయ్య ఉన్నాడు. అతనిదీ అదే పని, పైగా అందులో పెద్ద. ప్రభువు అతని ఇంటికే వచ్చాడు. ఆ ఉద్యోగం మానెయ్ అని ప్రభువు చెప్పినట్టు అక్కడ ఎక్కడా లేదు. జక్కయ్య తనంతట తానే లేచి, సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు. మోసం చేసి తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించాడు. అదే సువార్త 3వ అధ్యాయంలో సుంకరులు, సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడిగారు. ఎవరినీ ఇంటికి పొమ్మని ఆయన అనలేదు. సుంకరులతో నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. సైనికులతో ఎవరినీ బెదిరించవద్దని, జీతంతో తృప్తి పడమని అన్నాడు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో కూడా, ఏ స్థితిలో ఉండగా పిలుపు వచ్చిందో అక్కడే దేవునితో నిలిచి ఉండమని బోధించాడు.

అంటే దేవుడు లేవిని లేపుతాడు, జక్కయ్యను కూర్చోబెడతాడు. ఒకరికి ఇచ్చిన పిలుపును తీసుకుపోయి ఇంకొకరి మీద చట్టంలా పెట్టే అధికారం మనకు లేదు. ఇద్దరిలోనూ మారింది ఒకటే: వాళ్ల యజమాని మారాడు.

ఈ ప్రశ్న మన తెలుగు సంఘాలకు కొత్తది కాదు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చిన తరువాత అక్కడి మాదిగ పల్లెల్లో వేలమంది ప్రభువును నమ్మారు. ఊరి జాతరల్లో విగ్రహాల ముందు డప్పు కొట్టడం అప్పుడు వాళ్ల కులం మీద మోపిన పని. మేము కొట్టము అని ఆ విశ్వాసులు నిలబడ్డారు. అందుకు ఊరి నీళ్లు, సంతలు వాళ్లకు మూసేశారు. వాళ్లు వదిలింది డప్పును కాదు, విగ్రహారాధనను. ఆ డప్పు ఈ రోజు మన క్రిస్మస్ ఊరేగింపుల్లో ప్రభువు పేరున మోగుతోంది. ధారూరు జాతరకు వెళ్లినవాళ్లు గుడారాల మధ్య పాటలు వినే ఉంటారు. అదే చర్మం, అదే దెబ్బ. ఎవరి కోసం అన్నది మారింది.

పురుషోత్తమ చౌదరి గారిని కూడా గుర్తు చేసుకోండి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ప్రభువును నమ్ముకుని, 1890లో కన్నుమూశారు. తనకు ముందునుండి తెలిసిన రాగాలు, తాళాలు పారేయలేదు. వాటిలోనే క్రీస్తును కీర్తించారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు చూసినప్పుడల్లా ఆ సంగతి మనకు తెలియాలి.

అయితే ఉండిపోవడం అంటే ఏదైనా చేయవచ్చు అని కాదు. క్లిఫ్ రిచర్డ్ జీవితంలో నాకు ఎక్కువ నచ్చింది ఈ భాగమే. 1975లో ఆయన 'హాంకీ టాంక్ ఏంజెల్' అనే పాట రికార్డు చేశారు. విడుదలయ్యాక ఆ మాటకు వేశ్య అనే అర్థం ఉందని తెలిసింది. ఆ పాటను ఇక ఎక్కడా పాడనన్నారు, రికార్డును వెనక్కి తీసుకోమని కంపెనీని అడిగారు. అది నడిచే పాట, డబ్బు వచ్చే పాట. అయినా వద్దన్నారు. మరుసటి ఏడాది 'డెవిల్ వుమన్' అనే పాట పాడారు. ఆ పేరు వింటే మనం ఉలిక్కిపడతాం. అది జోస్యం చెప్పే స్త్రీ వలలో పడవద్దని హెచ్చరించే పాట. అమెరికాలో కూడా చాలా పెద్ద పేరు తెచ్చింది. అంటే ఆయన ప్రతి పాటనూ విడిగా తూచుకోవాల్సి వచ్చింది. అన్నీ వదిలేసినవాడికి ఈ తూకం పని ఉండదు. ఉండిపోయినవాడికి ప్రతి దినం ఉంటుంది.

వచ్చిన పేరును దేనికి వాడారో కూడా చూడండి. 1967లో సువార్త పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చారు. టియర్ ఫండ్ అనే క్రైస్తవ సహాయ సంస్థ 1968లో మొదలైతే, దాని తొలి రోజుల నుండే దానికోసం కచేరీలు చేశారు. 1973లో ఆ సంస్థ తరఫున బంగ్లాదేశ్ వెళ్లి శరణార్థుల శిబిరాలు చూశారు. 1999లో ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక పాత స్కాటిష్ వరుసకు కట్టి పాడారు. నలభై ఏళ్లుగా తనతో ఉన్న రికార్డు కంపెనీ దాన్ని విడుదల చేయనంది. పెద్ద రేడియో స్టేషన్లు వేయలేదు. వేరే చిన్న కంపెనీ విడుదల చేస్తే జనమే కొని మూడు వారాలు మొదటి స్థానంలో నిలబెట్టారు. 1966లో ఆయన పాట మానేసి ఉంటే, 1999లో ఆ ప్రార్థన అన్ని ఇళ్లకు చేరేదా? ఆలోచించండి.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. పెద్దల కూటంలో నేను చెప్పబోయేది మీ అందరికీ ముందే తెలియడం మంచిది.

ఆ తమ్ముణ్ణి కీబోర్డు దగ్గర నుండి లేపవద్దని చెబుతాను. అతనితో కూడా కూర్చుని మూడు సంగతులు మాట్లాడతాను. మొదటిది, ఏ పాట వాయించనని చెప్పగలవు? ఆడవాళ్లను అవమానించే పాట, బూతు పాట వచ్చినప్పుడు చేతులు కీబోర్డు మీద నుండి తీయగలవా? ఒక ప్రోగ్రాం పోయినా పర్వాలేదనగలవా? రెండోది, బరాత్‌లో మందు గ్లాసు తిరిగినప్పుడు నీ చేతికి వస్తే ఏం చేస్తావు? మూడోది, శనివారం రాత్రి ఎంత ఆలస్యమైనా ఆదివారం ఆరాధనలో నీ మనసు మేలుకుని ఉంటుందా? ఈ మూడింటికి అతను నాకు జవాబు చెప్పనక్కరలేదు, ప్రభువుకు చెబితే చాలు. ఒకరోజు ప్రభువే అతన్ని లేవిలాగా లే అంటే, అప్పుడు అతను లేస్తాడు. ఆ మాట ప్రభువు నోటి నుండి రావాలి, మన కూటంలో చేతులెత్తి తీర్మానం చేస్తే వచ్చేది కాదు.

పెద్దలను, మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతాను. ఒకరిని పని మానమన్నప్పుడు, మరుసటి నెల ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో కూడా మనమే చూడాలి. ఒంగోలు పల్లెల్లో డప్పు వద్దన్న విశ్వాసులు ఆకలిని కలిసి పంచుకున్నారు. ఆ చెల్లెలి ఫీజు మనం కట్టలేనప్పుడు, అన్న చేతిలోని పని లాక్కోవడానికి తొందరపడవద్దు. మన సంఘంలో కల్లు దుకాణం పక్కన కిరాణా కొట్టు నడిపే వాళ్లు ఉన్నారు. వడ్డీ లెక్కలు రాసే వాళ్లు ఉన్నారు. ఫైలు కదలాలంటే చేయి చాచే ఆఫీసుల్లో పని చేసే వాళ్లు ఉన్నారు. పాట బయటికి వినిపిస్తుంది కాబట్టి ముందు పాటగాణ్ణి పట్టుకుంటాం. వినిపించని పనులను ప్రభువు వింటూనే ఉన్నాడు. యోహాను దగ్గరికి సైనికులు వచ్చినట్టు మనలో ప్రతి ఒక్కరం వెళ్లి, ప్రభువా, నా పనిలో నేనేం చేయాలి అని అడగవలసిందే.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, పొలంలో, దుకాణంలో, ఆఫీసులో, బ్యాండులో నీ పిల్లలు పని చేస్తున్నారు. లేచి రమ్మన్నవారికి లేచే ధైర్యం ఇవ్వు. అక్కడే ఉండమన్నవారికి మచ్చ లేకుండా ఉండే కృప ఇవ్వు. కాదనవలసిన చోట కాదని చెప్పే నోరు ఇవ్వు. మా తమ్ముని చేతులను కాపాడు, అతని ఇంటిని పోషించు. మా పెద్దలకు జ్ఞానం ఇవ్వు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్ని, మీ చేతుల పనిని దీవించును గాక.